ముల్లు వెతికే వేళ

తాగుడు మాన్పించే ఆసుపత్రి నుంచి బయటికొచ్చిన కొత్తల్లో నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు. అన్నం, ఎండ, మనుషుల మాటలు, అన్నీ ఒకేలా ఉండేవి. ఆ సాయంత్రం పెద్దదోర్నాల బస్టాండులో మార్కాపురం బస్సు కోసం కూర్చుని, ఎదురుగా ఉన్న బ్రాందీ షాపు వైపే చూస్తున్నాను.

"నేను గూడా అట్లనే చూస్తా కూర్చునేటోణ్ణి నాయనా," అన్నాడు పక్కనున్న పెద్దాయన. భుజాన గొంగళి, చేతిలో కర్ర. మేకలు కాసే మనిషి.

"ఎట్ల మానేసినావు మామా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పొద్దుగూకినాక మేకల్ని దొడ్డికి తోలి, ఒక్కోదాని కాలు పట్టుకుని ముల్లుందేమో తడిమి చూస్తాం గదా. చూడకుంటే తెల్లారి కుంటుతాది. అవన్నీ అయినాక నన్ను నేను గూడా అట్లనే తడుముకుంటా, ఈ పొద్దు యాడ గుచ్చుకుందా అని. ఇడిచిపెడితే అది నన్ను షాపు కాడికి తోలుకపోతాది. ఈ పొద్దు మేకల్ని తమ్ముడు చూస్తాడు. నన్ను నేనే చూసుకోవాల."

కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఫోను తీసి భార్యకు చేశాడు.

"పొద్దున నిన్ను అట్ల తిట్టినా గదా. తప్పు నాదే."

ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, రెండు వేళ్లతో ముల్లు పీకి పారేసినట్టు చెయ్యి విదిలించి, యర్రగొండపాలెం బస్సెక్కి వెళ్లిపోయాడు.

అప్పుడూ నాకేమీ అనిపించలేదు. నా బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇప్పటికీ పొద్దుగూకాక, గడిచిన రోజునంతా ఒకసారి తడుముకుంటాను. చాలా రోజులు ఏమీ తగలదు. అప్పుడు ఇంకాస్త గట్టిగా నొక్కి చూస్తాను.