చెరువుల నానిన మొద్దు

నిన్న మేడ్చల్ల కట్టెకోత మిషన్ ముందట పోతుంటే, తడి కట్టె వాసనకు శామీర్‌పేట చెరువు యాదికొచ్చింది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు ఆ చెరువు పక్కనున్న చిన్నమ్మ ఇంటికి పోయిన. చిన్నాయిన చేపలు పట్టేటోడు, వాళ్ల నాయిన అడవిల కట్టె కొట్టేటోడు. ఒక పొద్దున చిన్నాయిన వల పక్కకువెట్టి మామిడి మొద్దును చెరువుల ముంచుతుండు.

"గిదేంది చిన్నాయినా?"

"నానితే పురుగు వట్టదు. నీ తమ్మునికి ఉయ్యాల జేస్త. ఇగ వస్తడు."

తమ్ముడు నీళ్లల్లకెల్లి వస్తడనుకొని మిట్టపగటిదాక ఒడ్డు మీదనే కూసున్న.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా?"

"తమ్ముడు ఎటుదిక్కుకెల్లి వస్తడు?"

చిన్నాయిన నవ్వలేదు. పక్కన కూసొని నీళ్లదిక్కు సూసిండు.

"ఎటుకెల్లయినా మంచిదే, వస్తె సాలు."

తమ్ముడు వానకాలంల పుట్టిండు. అంతకుముందు చిన్నమ్మకు పుట్టిన పిల్లలెవ్వరు దక్కలేదని పెద్దయినంక తెల్సింది. 'వస్తడు' అని పైకి అనే ధైర్యం చిన్నాయినకు నా ముందటనే వచ్చిందేమో.