టేకు కుర్చీ, జపాను బొమ్మలు

మా ముత్తాత మైసూరు దర్బారుకు జరీ శాలువలు పంపిన వర్తకుడు. మా తాత బెంగుళూరు నగర్తపేటలో మా కులసంఘానికి పెద్ద. ఆయన వచ్చి కూర్చునేదాకా పేటలో ఏ పెళ్ళిలోనూ తాంబూలాలు మార్చుకునేవారు కాదు. మా నాయన కాలానికి మగ్గాలు పోయాయి, కొట్టు పోయింది. నా వంతుకు నాలుగు గదుల ఇల్లు, ముందు హాల్లో తాతగారి టేకు కుర్చీ మిగిలాయి. ఆ కుర్చీలో ఇంటి పెద్ద ఒక్కడే కూర్చోవాలి. వచ్చినవాళ్ళు ఎవరైనా చాప మీద కూర్చోవాలి. హాల్లో రెండో కుర్చీ వేయడం మా ఇంట లేదు. నేనూ వేయలేదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. మాకు తగిన సంబంధం రాలేదని అడిగినవాళ్ళకు చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు అడిగేవాళ్ళు కూడా లేకపోయారు. నాకున్నది హొసకోటెలో ఒక చెల్లెలు. తొంభైల చివర ఆమె కూతురి పెళ్ళి శుభలేఖ పోస్టులో వచ్చింది. మాలో మేనమామను పిలవాలంటే పిల్ల తల్లిదండ్రులు కుంకుమభరిణె పట్టుకుని గడపలోకి రావాలి. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోయాల్సినవాణ్ణి నేను. పోస్టులో పిలిస్తే వెళ్ళే ఇల్లు కాదు మాది అనుకున్నాను. వెళ్ళలేదు. ఆ తరవాత ఆరేళ్ళు ఆమె నా గడప తొక్కలేదు, నేనూ పలకరించలేదు.

పై గదిలో అద్దెకుండే అమ్మాయి కంప్యూటర్ కంపెనీలో పనిచేసేది. ఆమెకు పుణేకు బదిలీ అయింది. వెళ్ళే రోజు ఒక డీవీడీ ప్లేయరు, డిస్కుల కట్ట తెచ్చి నా ముందు చాప మీద పెట్టింది.

"నేను కొత్త ప్లేయర్ కొన్నానంకుల్. ఇది మీరు ఉంచుకోండి."

"ఒకరిచ్చింది తీసుకునే వాడుక మాకు లేదమ్మా."

"అయితే దాచిపెట్టండి, వచ్చి అడుగుతాను." నవ్వింది. "జపాన్ ఆనిమే అంకుల్. రొమాంటిక్ కామెడీ, ఫుల్ సిరీస్ ఉంది. ఒక్క ఎపిసోడ్ చూడండి."

"బొమ్మలా? నా వయసెంతనుకున్నావు?"

"తెలుసంకుల్. అందుకే చూడమంటున్నా."

రెండు వారాలు ముట్టుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. పేపరు రెండుసార్లు చదివేశాను. మూడోసారి తెరుస్తూ నా మీద నాకే చిరాకేసి, ఒక డిస్కు పెట్టాను.

ముఖంలో సగం కళ్ళే ఉన్న పిల్ల, నీలం జుట్టు పిల్లవాడు. అడుగున ఇంగ్లీషు అక్షరాలు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. ఒకరంటే ఒకరికి ఇష్టం, కానీ ముందు అవతలివాళ్ళే నోరు తెరవాలని ఇద్దరి పట్టుదల. పిల్లవాడు తన సైకిలు చైను తనే ఊడదీసి, ఆమె వచ్చి ఏమైందని అడగాలని మూడు రోజులు వాకిట్లో నిలబడ్డాడు. ఆమె అది పసిగట్టి మూడు రోజులూ వెనక వీధి చుట్టి వెళ్ళింది. నాలుగో రోజు పక్కింటి ముసలమ్మ వచ్చి, చైను ఎక్కించి, వాణ్ణి చివాట్లు పెట్టి పోయింది.

నేను గట్టిగా నవ్వాను. ఆ హాల్లో నా నవ్వు ఎవరో పరాయివాడిదిలా వినిపించింది. ఎవరైనా విన్నారేమోనని వీధి తలుపు వైపు చూశాను. మూసే ఉంది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఒక భాగం చూసేవాణ్ణి. పిల్లల ఆట అనుకున్నది అలా లోపలికి దిగుతుందని అనుకోలేదు. పంతం పట్టిన మనిషి ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తాడో ఆ బొమ్మలు గీసినవాళ్ళకు బాగా తెలుసు. చివరిదానికి ముందు భాగంలో పిల్లవాడు దారి పొడుగునా మాటలు వల్లె వేసుకుంటూ ఆమె ఇంటికి వెళ్ళి తలుపు తట్టాడు. తలుపు తీసేసరికి అన్నీ మరిచిపోయి "ఆకలేస్తోంది" అన్నాడు. ఆమె ఇంకో కంచం పెట్టింది.

అక్కడ ఆపేశాను. ఆఖరి డిస్కు పెట్టలేదు. మర్నాడు పొద్దున హొసకోటె బస్సెక్కాను.

"పిలుపు పద్ధతిగా లేనందువల్ల రాలేకపోయాను" అని చెప్పాలని బస్సులో అనుకున్నాను. చెల్లెలు తలుపు తీసింది. జుట్టు నెరిసింది.

"ఏమప్పా, దావ తప్పినావా?"

"ఆకలవుతోంది" అన్నాను. అనుకున్న మాటలు నోట్లోంచి రాలేదు.

ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. రాగిముద్ద, బస్సారు పులుసు పెట్టింది. నేను తింటుంటే అంది:

"ఆకలైతే చెల్లెలు గ్యాపకానికొచ్చె. పెండ్లినాడు కాలేదా? నీ మేనకోడల్ని గంపలో ఎవురు మోసినారో తెలుసా? పక్కింటి లారీ డ్రైవరు. నడిమధ్యలో దించేసి ఆయాసపడతా ఉంటే అందురూ నగినారు."

"నువ్వు కార్డు పోస్టులో వేస్తివి."

"ఇంకేం చేయల్ల? నా మొగుడు నా పెండ్లయిన కాణ్నించీ నీ ముందర చాప మీదే కూచున్యాడు. బిడ్డ పెండ్లికి పిలవను వచ్చి కూడా కిందనే కూచోవల్నా? నేనే పోవద్దంటి."

నేను ఇంకో ముద్ద విరిచి పులుసులో ముంచాను.

తిన్నాక ముందు గదిలో ఉన్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆమె భర్త నూనె కొట్టునుంచి భోజనానికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో ఆగాడు. "బాగుండావా బావా?" అంటూ, గోడకు ఆనించిన చాప అందుకుని, తన ఇంట్లో తనే కింద పరుచుకోబోయాడు.

నేను లేచి "నువ్వు కుర్చీలో కూర్చో" అన్నాను.

"ఉండనీ బావా, నాకు అలవాటే" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే ఓర్చుకునేవాణ్ణి.

నేనూ చాప మీదే కూర్చున్నాను. ఇద్దరం వాన గురించి, బస్సుల గురించి మాట్లాడుకున్నాం. కుర్చీ ఖాళీగానే ఉంది. సాయంత్రం వెళ్తానంటే ఉండమని ఎవరూ అనలేదు. చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, "మల్లా వస్తావా, కుంకం భరిణె పంపాల్నా?" అంది.

"వస్తాను" అన్నాను.

ఇంటికొచ్చి, తాళం తీసి, లైటు వేశాను. ఆఖరి డిస్కు చాప మీద కూర్చుని చూశాను. ఈసారి నవ్వు రాలేదు, కానీ చివరిదాకా చూశాను. ఆ నెలాఖరుకు టేకు కుర్చీని పాత సామాన్లు కొనేవాడికి అమ్మేశాను.