అవ్వ కూటంలో అమెరికా సైతాను

బళ్ళారిలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేటప్పుడు ఆఖరి ప్రాజెక్టుకు తొలినాటి అమెరికా కథలను ఎంచుకున్నాను. చిన్న కథలు కదా, పని తొందరగా తెములుతుందనుకున్నాను. అంతకుమించి వాటి మీద నాకు ప్రేమేమీ లేదు. మా గైడు సారు మాత్రం ఆ కథల వేళ్ళన్నీ జానపద కథల్లోనే ఉన్నాయని నమ్మిన మనిషి. అటూ ఇటూ చదివి ముప్పుతిప్పలు పడి రాసుకొనిపోతే, తిరగేసి పక్కన పెట్టి, "ఇదెల్ల పుస్తకదల్లే ఇదె," అన్నారు. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదేనని కన్నడంలో చీవాట్లన్నమాట. జనం నోట్లో పడ్డ కథ ఎట్లా మారుతుందో, మా మనుషుల కథ ఒకటి పట్టుకొచ్చి చూపించాలట. లేకుంటే సంతకం పెట్టరట. సంతకం లేకుంటే ఏడాది పోయినట్టే.

మా మనుషుల దగ్గర కథలా! మాది మిషను దొరల కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు. దయ్యాల కథలు, రాజుల కథలు మా పెద్దలు బాప్తిస్మం తీసుకున్ననాడే వదిలేశారు.

అయినా అడిగితే, "మనకు కతలు లేవే అమ్మీ," అంది మా అవ్వ. "సాక్ష్యాలుండాయి. కావాలంటే రాసుకో."

దేవుడు తనకు చేసిన మేలును ప్రార్థన కూటంలో లేచి చెప్పడమే సాక్ష్యం. మా చిన్నాయన మోక ఊరి దగ్గర బస్సు కింద పడబోయి బతికిన సాక్ష్యాన్ని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఈనాటికీ అందులో ఒక్క మాట మారలేదు. మారని కథను సారు ముందు పెట్టి ఏం చేసుకోను?

నేనే ఒకటి చెబితే ఆమెకేదైనా గుర్తొస్తుందేమోనని, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అవ్వకు ఒక అమెరికా కథ మొదలుపెట్టాను. ఒకడు అడవిలో సైతానుతో బేరం కుదుర్చుకుంటాడు. సంపద వాడికి, వాడి ఆత్మ సైతానుకు. చివరికి సైతాను వచ్చి వాణ్ణి ఎత్తుకుపోతాడు. కానీ అంతదాకా రానే లేదు. బేరం కుదిరే చోట పొయ్యి మీద పాలు పొంగాయి, నేను లేచిపోయాను. అవ్వకు ఏ కథా గుర్తు రాలేదు. వానికి పెండ్లాముందా అని మాత్రం అడిగింది. ఉందన్నాను.

ఆ శుక్రవారం మా ఇంట్లో స్త్రీల కూటం. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక ఒక్కొక్కరే ప్రార్థన మనవులు చెప్పుకుంటున్నారు. ఒకామెకు కోడలి కాన్పు, ఒకామెకు కుడతిని పవర్ ప్లాంటులో కొడుకు ఉద్యోగం. అవ్వ వంతు వచ్చింది.

"అమెరికాలో ఒకాయప్ప సైతానుతో ఒప్పందం చేసుకోని ఉండాడంట. పెండ్లాముండాది, పాపం. ఆయప్ప కోసరం ప్రార్థన చేయండమ్మా."

నేను లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చేలోపు అందరూ కళ్ళు మూసేసుకున్నారు. పాస్టరమ్మ గారు కన్నీళ్ళతో సైతానును గద్దిస్తున్నారు. మధ్యలో దూరి అది ఉత్త కథని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అందరూ వెళ్ళాక, అట్లాంటి మనిషే లేడని అవ్వతో మొత్తుకున్నాను.

"లేని మనిషి మీద మీకు పరీచ్చ ఎందుకు పెడతారే?" అంది అవ్వ.

ఇక ప్రతి శుక్రవారం ఆయప్ప ప్రార్థనలో ఉన్నాడు. ఒకామె భర్త యశ్వంతనగర్ గుట్టల వైపు ఖనిజం లారీ నడుపుతాడు, అక్కడా అట్లాంటోడు ఒకడున్నాడని ఆమె అంది. పైవారానికల్లా అమెరికా ఆయన యశ్వంతనగర్‌కు మకాం మార్చేశాడు. అడవి పోయి గుట్ట వచ్చింది. నాకు ఒళ్ళు మండింది గానీ, ఇంకో వారానికి బుర్ర వెలిగింది. సారు అడిగింది మా వసారాలోనే జరుగుతోంది. ఆ శుక్రవారం కూటంలోనే ఫోన్లో రికార్డింగు పెట్టి, ఆయప్ప సంగతి మొదటి నుంచి చెప్పమని అవ్వను అడిగాను. అవ్వ సాక్ష్యం చెప్పినట్టు లేచి నిలబడి, చెప్పుకుంటూ చెప్పుకుంటూ చివరికి వచ్చింది.

"సైతాను తెల్లారేకి వచ్చినాడు. ఆయప్ప మోకాళ్ళ మీద ఉండాడు, పెండ్లాము పక్కనే ఉండాది. సైతాను వాకిట్లో కూసోని, కూసోని, హొసపేట బస్సెక్కి పోయినాడు."

నేను ఉండబట్టలేకపోయాను. "అవ్వా, కతలో అట్ల లేదు. వాణ్ణి ఎత్తుకొని పోతాడు."

"ఇంతమందిమి ఇన్ని వారాలు ప్రార్థన చేసినాంక యాడికి ఎత్తుకొని పోతాడే?"

కూటమంతా ఆమేన్ అంది. మాకు కథలు లేవని నేనూ నమ్ముకొని తిరిగినందుకు సిగ్గేసింది, మా అవ్వను చూస్తే ముద్దూ వచ్చింది.

సారు ఆ రికార్డింగు కడుపుబ్బ నవ్వుతూ విన్నారు. చివరి మాట దగ్గర మాత్రం నవ్వు ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ విన్నారు. సంతకం పెట్టి కాగితాలు నా చేతికిచ్చారు. నేను లేవబోతుంటే, మీ కూటంలో మనవి పెట్టాలంటే మీ చర్చివాళ్ళే అయ్యుండాలా అని కన్నడంలో మెల్లగా అడిగారు. అక్కర్లేదన్నాను. వాళ్ళ తమ్ముడు తాగుడులో పడి ఇంటికి రావడం మానేశాడట.