మొదటి జాడింపు

రేపల్లెలో మా ఆయన పోయాక నా గుమ్మంలోకి ఎవరైనా వచ్చారంటే అది చర్చి బట్టల కోసమే. బలిపీఠం మీద పరిచే తెల్లగుడ్డలు, పూజలో గిన్నె తుడిచే చిన్న గుడ్డలు ఉతికి గంజి పెట్టే పని నాది. మూట తెచ్చినప్పుడొకసారి, పట్టుకెళ్లేటప్పుడొకసారి "ఏమ్మా, బాగున్నావా" అనేవాళ్లు. మిగతా రోజుల్లో పలకరించేది పక్కింటావిడ ఒక్కతే, అదీ దెప్పడానికి.

"ఏంటక్కా, దేవుడి బట్టలక్కూడా మురికి పట్టుద్దా?"

"దేవుడికేం పట్టదు. ముట్టుకునేవాళ్ల చేతులకుంటది."

నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. అప్పటికి తెలిసిందల్లా మరకలే. కొవ్వొత్తి మైనం గోటితో గీకి, పైన పాత కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే వదులుతుంది. ద్రాక్షరసానికి ఉప్పు రుద్దాలి, అదీ ఆరకముందే.

పంతొమ్మిదొందల డెబ్బైల్లో తెనాలి నుంచి సిస్టర్లు వచ్చి చర్చి పక్కనే ఇల్లు కట్టుకున్నారు. ఒక వారం మూట రాలేదు. నేనే వెళ్లాను. పెద్ద సిస్టరు వరండాలో ఉంది.

"ఇకనుంచి మేమే ఉతుక్కుంటామండి. ఇన్నాళ్లూ చేశారు, ఇక విశ్రాంతి తీసుకోండి."

"నేను అలిసిపోయానని ఎవరు చెప్పారు సిస్టరమ్మా?"

ఆమె నవ్వింది. మంచి మనిషి. అదే నాకు కష్టమైంది. చెడ్డదైతే నాలుగు మాటలని వచ్చేదాన్ని.

"ఆ మూట రాకపోతే మా ఇంటికి వచ్చే మనిషే ఉండరు" అన్నాను. అనకూడదనుకున్న మాటే, వచ్చేసింది.

ఆమె తమ దొడ్డికేసి చూసింది. చిన్న గుడ్డల్లో సత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్రమైన రొట్టె, నలుసులుంటాయని, వాటిని మొదట జాడించిన నీళ్లు కాలవలో పోయరు. ఎవరూ తొక్కని మట్టిలో పోస్తారు. నేను చర్చి వెనక గోడవార పోసేదాన్ని. వాళ్ల దొడ్డంతా సిమెంటే, నీళ్లన్నీ తూములోకి పోతాయి.

"మొదటి జాడింపు మటుకు మీరే చెయ్యండి. ఉతకడం మా అమ్మాయిలు చూసుకుంటారు" అంది.

సరేనన్నాను. సోమవారం పొద్దున్నే గోడ దగ్గర కూర్చుని జాడించి, నీళ్లు మట్టిలో పోసి, పిండి ఇచ్చేదాన్ని. ఒకమ్మాయి ఆ తడిగుడ్డలు అందుకుని లోపలికెళ్లి తలుపేసుకునేది. గంజి వాసన వచ్చేదాకా ఉందామని కొన్నాళ్లు అక్కడే నిలబడ్డాను. "ఇంకేమన్నా కావాలాండి?" అని లోపలినుంచి అడిగేవాళ్లు.

"లేదండి" అనేసి, ఖాళీ బకెట్టు పట్టుకుని ఇంటికి నడిచేదాన్ని. అప్పటికింకా ఊళ్లో మిల్లు పొద్దుటి కూత కూడా వేసేది కాదు.