పాట మధ్యలో లేవరాదన్న అధ్యక్షుడు

ఈ వ్యాసం రాయవలసిన అవసరం కోరుట్లలో పుట్టింది. బీర్పూర్ దాటి, అడవి అంచున ఉన్న పాత మిషన్ చర్చికి మళ్లీ కప్పు పడిందంటే అది కేవలం నా క్రమశిక్షణ వల్లనేనని మా విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో ఒక మిత్రుడు ప్రకటించి, నాకు శాలువా కప్పాడు. శాలువా బాగుంది, వాక్యం తప్పు. ఉద్యోగకాలమంతా ఇతరుల జవాబుపత్రాల్లో తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టిన మనిషి, తనకు అనుకూలమైన తప్పు కనిపించినప్పుడు కలం మూసి జేబులో పెట్టుకోవడం న్యాయం కాదు. కనుక జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ చర్చి చిన్నది. రాతి గోడలు, టేకు దూలాలు, పైన గూన పెంకలు. కుమ్మరి సారె మీద చేసిన ఆ గుండ్రటి పెంకలను ఇప్పుడు చేసేవారు లేరు. ఊళ్లన్నీ స్లాబు ఇండ్లయ్యాక, కూల్చిన పాత ఇండ్ల నుంచి దిగినవే పెరళ్లలో కుప్పలుగా మిగిలాయి. కోతుల మందలు చర్చి కప్పు మీద కొన్నేళ్లుగా తమ కార్యక్రమాలు నిర్వహించుకున్న ఫలితంగా లోపలి నుంచి ఆకాశం ధారాళంగా కనిపించేది. వానలకు ముందు సరిపడా పెంకలు సమకూరకపోతే చర్చికి తాళం వేసి, ఆదివారం ఆరాధనను రోడ్డు మీది కొత్త హాలుకు మార్చాలని సంఘ పెద్దలు తీర్మానించారు.

ఆ తీర్మానం తక్కిన వారికి వార్త, ఒక్క మనిషికి ప్రాణం మీది మాట. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిన వృద్ధురాలు. నా పిల్లలిద్దరూ ఆమె చేతుల మీదనే పుట్టారు. ఇప్పుడు చర్చి పక్కనే ఒక గదిలో ఉంటుంది. చిన్ననాటి నుంచి ఆ చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమెనే. మోకాళ్లు అరిగిపోయి ఆటో ఎక్కే శక్తి లేదు. ఆ చర్చి మూతపడితే ఆమె పాటకు చోటు లేదు.

అందుకని ఆమెనే ఒక పాటకచేరీ ఆలోచించింది. టికెట్టు లేదు. వచ్చినవారు తలా ఒక గూన పెంక తేవాలి. పగలు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే సిరిసిల్ల మనిషి ఒకాయన హార్మోనియం, కోరుట్ల దర్జీ ఒకాయన డోలక్. అధ్యక్షత నాది. నాకు సంగీతం రాదు కదా అన్నాను. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సగం మంది నా దగ్గర చదివినవారేనని, భయానికైనా వేళకు వస్తారని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. దానిని నేను ప్రశంసగా స్వీకరించాను.

ఎవరి పెరట్లోనో నాచు పట్టిన పాత పెంకను దేవుని సన్నిధికి తీసుకుపోవడం అధ్యక్షునికి తగదనిపించింది. జగిత్యాలకు వెళ్లి, దుకాణంలో నిగనిగలాడే కొత్త బెంగుళూరు పెంకను, అంటే పలకలాగా చదునుగా ఉండే రకాన్ని, కొన్నాను. ఒక్కటేనా అని దుకాణదారు రెండుసార్లు అడిగాడు. ఒక్కటే నియమమన్నాను. దానిని వార్తాపత్రికలో చుట్టి, పురికొసతో నాలుగు దిక్కులా బిగించి, ముడి మీద ముడి వేశాను. పెంకతో పాటు సుద్దముక్కల డబ్బా, చేతిగంట కూడా సంచిలో పెడుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"పాట వినవోతున్నరా, పరీక్ష పెట్టవోతున్నరా?" అని అడిగింది. జవాబివ్వడం అనవసరమనుకున్నాను. అదే సరైన ప్రశ్న అని తరువాత తెలిసింది.

దర్జీ నాతో పాటే కారులో వచ్చాడు. ఒళ్లో డోలక్, పక్కన గుడ్డలో చుట్టిన గూన పెంక. దారిలో ఒక మాట చెప్పాడు.

"సాబ్, అక్కడ పాట నడుమ జనం లేస్తరు. మీరు పరేషాన్ కావద్దు."

ఆయన చెప్పింది ఆ చర్చి ఆచారం. కోత పండుగ నాడు వరికంకుల కట్టలు తెచ్చినవారు, పాట మనసుకు తాకిన క్షణాననే లేచి వెళ్లి పాడేవాళ్ల ముందు పెడతారు. ఎవరూ లేవలేదంటే పాట తాకలేదని అర్థం. పెంకల విషయంలోనూ అదే పద్ధతి అనుకున్నారు. ఇంత వివరం ఆయన చెప్పేవాడే, నేను అడిగి ఉంటే. ఆయన మాటను సభలో క్రమం లేదన్న ఫిర్యాదుగా భావించి, నేను చూసుకుంటానని ఆయనకు అభయమిచ్చాను.

రోహిణి కార్తె ఎండ ఇంకా తగ్గని సాయంత్రం చర్చి చేరాము. జనం అప్పటికే చాపల మీద తోచినట్టు కూర్చున్నారు. అందరినీ లేపి, రాతి నేల మీద సుద్దతో గీతలు గీసి, చాపల అంచులు గీతకు ఆనేటట్టు పరిపించాను. పొడగరులను వెనక్కు పంపాను. పాడేవాళ్ల ముందు సిరిసిల్ల నుంచి వచ్చిన ఎర్రటి గుడ్డ ఒకటి పరిచి ఉంది. పెంకలు పెట్టడానికి అది. దాని ముడతలు కూడా సరిచేశాను. తరువాత చేతిగంట మోగించి, మైకులో నియమాలు చదివాను. పాట సాగుతున్నంతసేపు ఎవరూ స్థానం వదలరాదు. పెంకలను వందన సమర్పణ ముగిశాక వరుసవారీగా స్వీకరించడం జరుగుతుంది. అధ్యక్షుని పెంక అన్నింటికంటే చివర, రెండు మాటలతో సహా.

ఎవరూ కిక్కురుమనలేదు. దర్జీ నా వైపు చూసి ఏదో అనబోయి, డోలక్ తాళ్లు బిగించుకున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని చూసి నేను పొందిన ఆనందం నేటికీ నన్ను బాధిస్తున్నది.

ఆమె మొదటి పాట ఎత్తుకుంది. వయసు గొంతు, అయినా నిండైన గొంతు. పాట ముగిసింది. ఎర్రగుడ్డ ఖాళీగా ఉంది. రెండవ పాటకు ఆమె శ్రుతి పెంచమంది. మూడవ పాటలో కళ్లు తెరిచి గుడ్డ వైపు చూసుకుంటూ పాడింది. అంత బిగువుగా పాడుతున్నది భక్తి వల్లనని నేను అనుకున్నాను. నా ఎదుట మనుమలున్న పెద్దమనుషులు ఒళ్లో పెంకలు పెట్టుకుని, చేతులు కట్టుకుని, పెంకల ఎర్రమట్టి తెల్లధోవతులకు అంటుతున్నా కదలకుండా కూర్చున్నారు. ఒకరిద్దరు సగం లేచి, నన్ను చూసి మళ్లీ కూర్చున్నారు. వారి వైపు నేను చూపుడువేలు కూడా ఎత్తాను.

ఇంతలో జగిత్యాల చివరి బస్సు ఊరి మలుపు దగ్గర ఆగి హారన్ కొట్టింది. వెనుక వరుసలో దూరపు ఊళ్లవారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వందన సమర్పణ దాకా ఆగితే బస్సు పోతుంది. బస్సుకు పోతే పెంకలు వాళ్లతోనే పోతాయి.

పాట మధ్యలోనే ఆమె ఆగింది. దర్జీ వైపు వంగి మెల్లగా అన్న మాటను ముందున్న మైకు అందరికీ వినిపించింది.

"నా గొంతు పోయినట్టున్నది బిడ్డా. ఒక్కరు సుత లేస్తలేరు. ఇగ తాళమేసుకోమందాం."

"గొంతు మంచిగనే ఉన్నదమ్మా," అన్నాడాయన. "సారును చూసి లేస్తలేరు."

అదీ మైకులోనే. చర్చి మొత్తం నా వైపు తిరిగింది. ఒక విషయం అర్థం కావడానికి నాకు సాధారణంగా పట్టే సమయం కంటే అప్పుడు తక్కువే పట్టింది. నా నియమాన్ని నేనే ఉల్లంఘించడం జీవితంలో అదే మొదటిసారి అని రాశాను గాని, మా ఆవిడ చదివి ఆ వాక్యాన్ని కొట్టివేయించింది.

"పాడండమ్మా," అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, ఆగిన చరణాన్నే మళ్లీ అందుకుంది. నేను లేచాను. అప్పటిదాకా ఆదర్శప్రాయంగా నిటారుగా కూర్చున్నందువల్ల ఎడమకాలు తిమ్మిరెక్కింది. నేను గీసిన గీతకు ఆనిన చాప అంచే కాలికి తగిలి, పడబోయి నిలదొక్కుకున్నాను. పొట్లం విప్పుదామంటే ముడులు నావి, విడలేదు. పొట్లాన్ని పొట్లంగానే ఎర్రగుడ్డ మీద పెట్టాను.

వెనుక వరుసలో నెరిసిన మీసాల మనిషి ఒకరు చేయి ఎత్తారు. ఏ తరగతిలో నా దగ్గర చదివారో గుర్తు లేదు.

"సార్, లేవచ్చునా?"

"లేవండి," అన్నాను. ఎంత ప్రయత్నించినా గొంతు కఠినంగా రాలేదు.

ఆ తరువాత గీతలు లేవు, వరుసలు లేవు. గుడ్డ నిండింది, గుడ్డ దాటి పాడేవాళ్ల అరుగు నిండింది. కొన్ని పగిలాయి కూడా. ఆమె పాట ఆపలేదు. శ్రుతి తగ్గించమని చేత్తో సైగ చేసి, తన సహజమైన గొంతుతో పాడింది. హారన్ కొట్టి కొట్టి విసిగిన డ్రైవరు చివరికి తానే వచ్చి ద్వారం దగ్గర నిలబడి విన్నాడు.

అంతా అయ్యాక దర్జీ జేబులోని చిన్న కత్తెరతో నా పురికొస తెంచి, పత్రిక విప్పి, చదునైన కొత్త పెంకను గుండ్రటి పాత పెంకల పక్కన పెట్టి కాసేపు చూశాడు.

"పిల్ల సక్కగున్నది గని సాబ్, గీ ఇంటికి సంబంధం కుదరది."

ఆ రోజు నేను వందన సమర్పణ చేయలేదు. ఎవరూ అడగలేదు.

మృగశిరకు ముందే కప్పు నేయడం పూర్తయింది. ముసురు పట్టిన ఒక ఆదివారం వెళ్లాను. లోపల చుక్క పడటం లేదు. ఆమె పాడుతున్నది. ద్వారం పక్కన మంచినీళ్ల కుండ మీద మూతగా నా బెంగుళూరు పెంక, దాని మీద బోర్లించిన గ్లాసు. నేను దానిని చూడటం ఆమె చూసింది. ఆరాధన ముగిశాక దగ్గరికి వచ్చింది.

"మీ పెంక కిందనే మా అందరి నీళ్లున్నయి సారూ. గసొంటిదాన్ని వానల నానవెడుతమా?"

ఓదార్పు అని తెలిసినా తీసుకున్నాను. ఆ కుండలోనే ఒక గ్లాసెడు నీళ్లు తాగి వచ్చాను. కప్పు నిలిచింది నా క్రమశిక్షణ వల్ల కాదు, నేను ఆ క్రమశిక్షణను ఆపినందువల్ల. శాలువా తిరిగి ఇవ్వబోతే మిత్రుడు పుచ్చుకోలేదు.

ఇందులో తప్పులుండవచ్చు. నేను లేచింది నాలుగవ పాటలోనో అయిదవ పాటలోనో గట్టిగా చెప్పలేను. సగం లేచి కూర్చున్నవారు ఇద్దరే కాకపోవచ్చు. ఆనాడు చాపల మీద ఉన్న పాఠకులెవరైనా ఉంటే దయచేసి సరిదిద్దండి. ఉత్తరాలు అక్కరలేదు, నేను ఏదో ఒక సభలో మాట్లాడుతూనే ఉంటాను. వందన సమర్పణ దాకా ఆగకుండా, మాట మధ్యలోనే లేవండి.