రెండు వేళ్ల గుడ్డ

వీధి మొదట్లో ఉన్న దర్జీ దుకాణానికి బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. రెండువేళ్ల మాస్టరు ఎక్కడంటే చిన్నపిల్లలు సైతం దారి చూపిస్తారు. ఏ బట్ట కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ల వెడల్పున గుడ్డ వదిలిపెట్టడం ఆయన అలవాటు. మనిషి లావెక్కితే విప్పి వదులు చేసుకోవచ్చు. తన పెళ్లికి కుట్టించుకున్న కోటునే కొడుకు పెళ్లికీ తొడుక్కున్నవాళ్లు ఉన్నారంటే అదంతా ఆ రెండు వేళ్ల చలవే.

వచ్చిన చిక్కల్లా మాస్టరు తన బతుకునూ అలాగే కుట్టుకోవడం. ఏది చూసినా రేపటికి వదిలిపెట్టడమే. భార్య ముచ్చటపడి కొనుక్కున్న నెమలికంఠం రంగు గుడ్డ పదకొండేళ్లుగా బీరువాలో మగ్గుతోంది. గౌను కుట్టిపెట్టమని అడిగినప్పుడల్లా "చేతిలో పని తెమలనీ" అనేవాడు. దర్జీ చేతిలో పని ఎప్పుడు తెమిలింది గనక! మూడేళ్ల నుంచి ఆమె అడగడం మానేసింది. హమ్మయ్య, మరిచిపోయిందనుకున్నాడు, అమాయకుడు.

ఈమధ్య మెట్లెక్కుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచుకుని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది.

"గుండె బాగా అలిసిపోయింది మాస్టారూ. మందులు మానకండి. ఏడాదో, పదేళ్లో, నేను చెప్పలేను."

అరవై రెండేళ్లకు మాస్టరుకు కొలత దొరకనిది ఒకటి ఎదురైంది.

ఇంటికి రాగానే బీరువా తెరిచాడు. గుడ్డ బల్ల మీద పరిచి, మెళ్లో టేపు వేసుకుని భార్యను పిలిచాడు.

"ఇలా రా, కొలతలు తీసుకుంటాను."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో నాకు తెలుసులెండి. పోతూ పోతూ గుర్తుకని ఇచ్చే బట్ట నాకొద్దు. లోపల పెట్టేయండి."

విసురుగా వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు ఖణఖణలాడాయి. మాస్టరుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. దారిపొడుగునా ఆయన అనుకున్నది అదే: నేను పోయాక ఇది తొడుక్కుని నన్ను తలుచుకుంటుంది అని. తానుండగా తొడిగి చూసుకోవాలన్న ఊహే తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

టేపుతో సహా వంటింట్లోకి వెళ్లాడు.

"గుర్తుకోసం కాదే. ఆ రంగులో నిన్ను నేను చూడాలి. ఈ బుధవారమే చూడాలి."

 ఆమె చేతులు తుడుచుకుని, కొలతకు వీలుగా భుజాలు నిటారుగా పెట్టింది.

"నడుం నాలుగంగుళాలు పెరిగింది" అన్నాడు.

"అడిగానా?"

వచ్చినవాళ్లందరినీ వచ్చేవారం రమ్మని పంపేశాడు. కాసేపు కుట్టడం, కాసేపు నడుం వాల్చడం. బుధవారం పొద్దుటికల్లా గౌను తయారు.

ముప్ఫయ్యేళ్లు దర్జీతో కాపురం చేసిన మనిషి కదా, ఆమె ముందుగా గౌను తిరగేసి చూసింది. కుట్టు పక్కనే అంచు. లోపల వదిలిన గుడ్డ లేదు.

"అయ్యో, ఇదేంటండీ! చెయ్యి జారిందా?"

"లేదు. కావాలనే కత్తిరించాను. ఇవాళ్టి నీకు సరిగ్గా సరిపోతుంది."

"రేపు ఇంకాస్త లావైతే?"

"అవ్వు. కొత్తది కుడతాను."

 ఆమె గౌను తొడుక్కుని, హుక్కులు పెట్టమని వీపు తిప్పింది.

"అయితే ఈసారి ఎర్రది" అంది. "పదకొండేళ్లు ఆగేది లేదు, ముందే చెబుతున్నా."