తాడుకి గుచ్చిన గిఫ్ట్ కార్డులు

2007 జూన్‌లో నన్ను అరకు లోయలోని మా బ్యాంకు శాఖకు మేనేజరుగా బదిలీ చేశారు. అప్పటికి నేను స్కేల్ టూ అధికారిని. కొండమీది శాఖలకు వెళ్లమంటే చాలామంది డాక్టరు సర్టిఫికెట్లు పెట్టేవారు. నేను పెట్టలేదు. మాది పార్వతీపురం వైపు ఒకప్పుడు దివాణం అనిపించుకున్న కుటుంబం. నాకు ఊహ తెలిసేసరికే భూములు పోయాయి, గుర్రపుశాల గోడలు మిగిలాయి. మా నాన్నగారు ఆ గోడల ఇటుకలు కూడా అమ్మి నన్ను చదివించారు. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోకూడదు, పని చేయమన్న చోటికి వెళ్లననకూడదు అనే రెండు మాటలు తప్ప ఆయన నాకు మిగిల్చింది లేదు. కుటుంబాన్ని విశాఖపట్నంలోనే ఉంచి, ఒక ట్రంకుపెట్టెతో రైలెక్కాను.

మరుసటి ఏడాది దసరాకి ముందు ప్రాంతీయ కార్యాలయం ప్రతి శాఖకూ గిఫ్ట్ కార్డుల టార్గెట్ పెట్టింది. గిఫ్ట్ కార్డు అంటే ముందుగా సొమ్ము నింపి అమ్మే ప్లాస్టిక్ కార్డు. దాని మీద పేరుండదు, పదహారంకెల నంబరుంటుంది. వెనకవైపు నల్లటి అయస్కాంత పట్టీ ఉంటుంది. దుకాణంలో స్వైప్ మెషీన్ మీద ఆ పట్టీని గీస్తే లోపలున్న సొమ్ము మేరకు సరుకు కొనుక్కోవచ్చు. నగదు మాత్రం ఇవ్వకూడదు. ఏటీఎంలో రాదు, కౌంటర్లో ఇవ్వరాదు. సర్క్యులర్‌లో ఈ ఒక్క వాక్యాన్ని లావుపాటి అక్షరాలతో వేశారు.

మైదానం నుంచి వచ్చి కాఫీ కొనే ఒక ప్రైవేటు కంపెనీ, తమకు పంట అమ్మిన రైతులకు బోనస్ పంచబోతోందని విని వెళ్లి కలిశాను. వెయ్యి రూపాయల కార్డులు రెండు వందలు ఒక్క చెక్కు మీద తీసుకున్నారు. నా టార్గెట్‌కి అది నాలుగు రెట్లు. పంపిణీ సభకు నన్ను పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. నేను లేచి, ఇది ప్లాస్టిక్ ముక్క అనుకోవద్దనీ, డబ్బేననీ, రేషన్ కార్డుని ఎలా చూసుకుంటారో దీన్నీ అలాగే భద్రంగా చూసుకోవాలనీ గట్టిగా చెప్పాను. రైతులు శ్రద్ధగా విన్నారు.

వారు దాన్ని ఎక్కడ గీస్తారన్న ప్రశ్న నాకు తట్టలేదు. అప్పట్లో నాకు తెలిసి ఆ చుట్టుపక్కల స్వైప్ మెషీన్లు రెండే. ఒకటి పర్యాటకుల హోటల్లో, రెండోది పెట్రోలు బంకులో. కొండరైతు ఆ హోటల్లో భోంచేయడు. బండి లేనివాడు పెట్రోలు కొట్టించుకోడు.

2009 జనవరిలో ఒక సంత రోజు, పదకొండు గంటల వేళ పాంగి సుక్రమ్మ శాఖకు వచ్చింది. తొమ్మిది కిలోమీటర్ల దూరాన, కొండ పైనున్న ఇరవై ఎనిమిది గడపల ఊరు ఆమెది. నలభై అయిదేళ్లుంటాయి. ఆ ఊరి కాఫీ రైతుల సంఘానికి ఆమే పెద్ద. ఇంట్లో మాట్లాడేది వేరే భాష, తెలుగు సంతలో నేర్చుకున్నది. ఎవరినైనా ‘నువ్వు’ అనే అంటుంది. కలెక్టరునైనా అంతే. కొండమీద దాన్ని అమర్యాదగా ఎవరూ అనుకోరు, నాకు మాత్రం అలవాటు పడడానికి ఏడాది పట్టింది.

ఆమె చేతిలో ఒక నైలాన్ తాడు ఉంది. దానికి పూలదండలా రేషన్ కార్డు, ఉపాధి పని కార్డు, ఆస్పత్రి కార్డు గుచ్చి ఉన్నాయి. చివర మా గిఫ్ట్ కార్డు.

“బాబూ, ఇది నువ్విచ్చిన డబ్బు. కరెంటాపీసోడు తీసుకోనంటన్నాడు. నువ్వొచ్చి ఆడికి సెప్పు,” అంది.

సంగతి ఇది. కాఫీ పండు కోసిన రోజునే, మహా అయితే మర్నాడు, తొక్క తీయాలి. లేకపోతే పులిసిపోతుంది, కొనేవాడు ముట్టుకోడు. ఊరందరికీ కలిపి ఒక తొక్క తీసే యంత్రం ఉంది. దాని మోటారుకి కరెంటు సుక్రమ్మ ఇంటి మీటరు నుంచే. బిల్లు ఎనిమిది వందల చిల్లర బాకీ పడిందని ఆ ఉదయమే లైన్‌మన్ వచ్చి వైరు తీసేశాడు. అప్పటికి ఆరు కుటుంబాలు ముందురోజు కోసిన పండు ఆమె వసారాలో కుప్పగా పడి ఉంది. పంట డబ్బు ఇంకా చేతికి రాలేదు. ఉన్నది ఈ కార్డే. చేతితో తిప్పి తీయలేరా అని అడిగాను. మోటారు బిగించినప్పుడు పిడి తీసేశారట, అదెక్కడుందో ఎవరికీ తెలియదట.

కార్డు అందుకుని వెనక్కి తిప్పాను. నల్ల పట్టీకి నట్టనడుమ కన్నం. ఆ కన్నానికి ఇత్తడి రింగు బిగించి ఉంది.

“ఈ కన్నమేమిటమ్మా?”

“ఏలాడదియ్యడానికి. కింద ఎడితే ఎలకలు కొరికెయ్యవేటి? రేసను కారుడు నాగే సూసుకోండని నువ్వే సెప్పినావు. మేం అలగే సూసుకున్నాం.”

వెనక నుంచి మా క్యాషియర్ అప్పలనాయుడు నవ్వు ఆపుకోలేక, “సార్, కార్డుకి ముక్కుపుడక ఎట్టించేసినారు,” అన్నాడు.

సుక్రమ్మ అతనివైపు తిరిగింది. “నవ్వకు గుంటడా. నీ ముక్కుకీ ఏయిత్తాను. రూపాయే.”

ఒక్కదానికేనా ఇలా చేసింది అని అడిగాను, కాస్త ఆశతోనే. ఒక్కటేటి, ఊరివి ఇరవయ్యెనిమిదీ అంది. అందరి కార్డులూ పోగుచేసి, సంతలో గొడుగులు బాగుచేసేవాడి దగ్గర తనే దగ్గరుండి వేయించిందట. కొండ ఇళ్లలో ప్రభుత్వం వారిచ్చిన కార్డులన్నీ ఇలాగే తాడుకి గుచ్చి దూలానికి వేలాడదీస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఎవరైనా అధికారి వచ్చి చూపించమంటే దండ మొత్తం దించి చూపిస్తారు. ఏడాదిన్నర నుంచి వారికి రుణాలిస్తున్న నేను ఒక్క ఇంటి దూలం వైపు తలెత్తి చూడలేదు.

కార్డుల విభాగానికి ఎస్టీడీ చేశాను. పట్టీ పాడైతే కొత్త కార్డు ఇస్తామన్నారు. పదిహేను పనిరోజులు పడుతుంది, కార్డుకి వంద రూపాయల రుసుము. అటువైపు అధికారి కన్నం ఎలా పడిందని అడిగాడు. చెప్పాను. ఫోను పక్కకి పట్టుకుని నవ్వడం వినిపించింది.

నేను జేబులోంచి వెయ్యి రూపాయలు తీసి బల్లమీద పెట్టాను, తీసుకోమన్నాను. ఆ కార్డునే నేను కొనుక్కోవచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. తాను అమ్మిన కార్డుని మేనేజరే నగదిచ్చి వెనక్కి తీసుకోవడమంటే దాని మీద నగదు ఇవ్వడమే. ఛార్జిషీటు దాకా వెళ్లే తప్పిదం. అందుకని ఊరికే ఇవ్వబోయాను. ఇవ్వడం మా ఇంటి అలవాటు కూడా.

ఆమె నోట్లు ముట్టుకోలేదు. “ఇది నీ డబ్బు కదేటి?”

అవునన్నాను.

“నీది నాకేటికి? నాను అడుక్కోడానికి రాలేదు బాబూ. నా డబ్బు దీన్లో ఉందన్నావు. అది తియ్యి.”

అది మా నాన్నగారు అనదగ్గ మాట. దాన్ని నాకే ఎదురు చెప్పినవారు అంతవరకూ లేరు. నోట్లు తీసి జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు అప్పలనాయుడు నా కుర్చీ దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, ఓసారి ఇంటికి ఫోన్ చేసి మేడంగారిని అడగమన్నాడు. ఈ కార్డుల గురించి ఆవిడకి ఏం తెలుసని గద్దించాను. మొన్నొకసారి నేను లేనప్పుడు ఆవిడ ఫోన్ చేసి, గిఫ్ట్ కార్డులో సొమ్మెంత మిగిలిందో ఎలా చూడాలని అడిగారని చెప్పి, నా కళ్లలోకి చూడకుండా కౌంటర్లోకి వెళ్లిపోయాడు.

నా భార్యకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆమె అంతా విని, “ముందువైపు నంబరు కనిపిస్తోందా? వెనక మూడంకెలూ ఉన్నాయా?” అంది.

ఉన్నాయన్నాను.

“అయితే పట్టీతో పనేమిటండీ? ఇంటర్నెట్‌లో నంబరు కొడితే కరెంటు బిల్లు కట్టేసుకుంటుంది. మనింటిది అలాగే కడుతున్నాను కదా.”

“ఏ కార్డుతో?”

“మీ పాయింట్ల కార్డులతో.”

ఇక్కడ కొంత వివరం అవసరం. బ్యాంకు అధికారులందరికీ అప్పట్లో క్రెడిట్ కార్డులు ఇచ్చారు. టూర్లకు వెళ్లినప్పుడు హోటలు, జీపు పెట్రోలు ఖర్చు నేను దాని మీదే పెట్టేవాణ్ని, తరవాత బ్యాంకు తిరిగి ఇచ్చేది. ఖర్చయిన ప్రతి వందకీ కొన్ని పాయింట్లు జమవుతాయి. అవి పోగైతే కావలసిన వస్తువుగానో, గిఫ్ట్ కార్డుగానో మార్చుకోవచ్చు. ఆ కాగితాలు ఇంటికి వచ్చేవి. నేను చూడలేదు, ఆమె చూసింది. ఏడాదిన్నరగా మా ఇంటి కరెంటు బిల్లూ టెలిఫోను బిల్లూ చాలా భాగం ఆ కార్డులే కడుతున్నాయి. ఊరికే వచ్చింది ముట్టనని పదిమందిలో చెప్పుకునే నా ఇంట్లో, ఊరికే వచ్చిన సొమ్ముతో దీపం వెలుగుతోంది. ఎదురుగా సుక్రమ్మ కూర్చుని ఉండగా, నాకెందుకు చెప్పలేదని అరిచాను.

“చెబితే వెనక్కి పంపించేసేవారు. మీ తాతగారి పేరు చెబితే మీటరు తిరగడం మానుతుందేమిటండీ? ఆ పోట్లాట ఆదివారం పెట్టుకుందాం. బేగి నంబరు చెప్పండి, అక్కడ ఆవిడ కాయలు కుళ్లిపోతాయి.”

పదహారంకెలూ, మూడంకెలూ, సుక్రమ్మ సర్వీసు నంబరూ చెప్పాను. పది నిమిషాల్లో బిల్లు కట్టినట్టు ఆమె ఫోన్ చేసింది. కాని కరెంటాఫీసు నుంచి పిలిపించిన లైన్‌మన్, నోటిమాటగా చెప్పిన రసీదు నంబరుకి కదలనన్నాడు. నా భార్య ఆ కాగితం అచ్చుతీసి, వీధి చివర బూత్ నుంచి శాఖకు ఫ్యాక్స్ పంపేసరికి రెండయింది. దాని మీద శాఖ గుండ్రటి సీలు వేసి సంతకం పెట్టాను. లైన్‌మన్ కాగితంలో ఏముందో చదవలేదు. “సీలుంది కదా, సాల్లెండి,” అని నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

జీపు మాట్లాడి అతణ్ని, సుక్రమ్మను ఎక్కించుకుని నేనూ వెళ్లాను. వెళ్లవలసిన పని లేదు. అయినా శాఖలో కూర్చోలేకపోయాను.

నాలుగు గంటలకు వైరు కలిసింది, మోటారు తిరిగింది. అప్పటికే వసారాలో కల్లు వాసన లాంటి పులుపు. సుక్రమ్మ కుప్ప మధ్యలోకి మోచేతి దాకా చేయి పెట్టి, తీసి, నన్నూ పెట్టమంది. పెట్టాను. లోపల అన్నం వార్చిన గిన్నెలా వేడిగా ఉంది. పైనుంచి పండు తీసి యంత్రంలో వేస్తూ వచ్చారు. అడుగున ఉన్న నాలుగు బస్తాలు పనికిరాకుండా పోయాయి. అవి రెండు కుటుంబాలవి.

చాలా విచారంగా ఉందని చెప్పాను. సుక్రమ్మ వెళ్లి ఊరి పెద్దను పిలుచుకొచ్చింది. ముసలాయన, చుట్టను నిప్పు లోపలికి ఉండేలా నోట్లో తిరగేసి పెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చుట్టూ పదిహేనుమంది చేరారు. ఆమె తమ భాషలో జరిగినదంతా చెప్పి, నావైపు తిరిగి తెలుగులో అంది. “పొద్దుట నువ్విచ్చింది దానం. ఒద్దన్నాను. ఇది దానం కాదు. తప్పు కట్టాల.”

తప్పు కట్టడమంటే అక్కడి కట్టుబాటు. ఒకరివల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పెద్ద ముందు విచారించి జరిమానా వేస్తారు. నష్టానికి సరిపడా సొమ్ము ఒకటి, అందరూ కలిసి తినడానికి కోడి ఒకటి. మా దివాణం అరుగు మీద మా తాతగారు ఎందరికో జరిమానాలు వేశారని చిన్నప్పటినుంచీ విన్నాను. మా ఇంటివాడు కట్టాడని వినలేదు. బ్యాంకు మేనేజరునైన నేను నిలబడి ఉండగా, ఒక ఊరు నాకు జరిమానా వేస్తోంది.

కార్డు బ్యాంకుదనీ, పంచింది కంపెనీ అనీ, నేను ఉద్యోగిని మాత్రమేననీ అన్నాను. ముసలాయన చుట్ట తీసి, “సబలో మాటాడినోడెవుడు?” అని అడిగాడు.

“నేనే.”

“మరింకేటి?”

నాలుగు బస్తాల ధరా, కోడి ధరా కట్టాను. ఉదయం ఆమె ముట్టని నోట్లు అందులోనే ఉన్నాయి. ఈసారి తీసుకుని, అక్కడికక్కడే ఆ రెండు కుటుంబాలకూ పంచింది. నాకు పీట వేసి కూర్చోమన్నారు. నేనక్కడ ఉన్న మిగతా రెండేళ్లలో ఆ ఊరివాళ్లెవరూ మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. కట్టినవాడి దగ్గర తప్పు ఎత్తకూడదన్నది కూడా ఆ కట్టుబాటులో భాగమే.

మిగిలిన ఇరవై ఏడు కార్డులతోనూ రెండు వారాల్లో నా భార్యే బిల్లులు కట్టింది. మీటరు లేనివాళ్ల కార్డుతో మీటరున్నవాళ్ల బిల్లు కట్టించి, వీళ్ల చేత వాళ్లకు నగదు ఇప్పించే ఏర్పాటు సుక్రమ్మ చేసింది. ప్రాంతీయ కార్యాలయానికి జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను, జవాబు రాలేదు. పాయింట్ల విషయమై పాత సర్క్యులర్లన్నీ తిరగేశాను. తప్పని ఎక్కడా లేదు. మా ఇంట్లో ఆ పద్ధతి ఆపమనలేదు, మళ్లీ అడగనూ లేదు.

తరవాత నేను పనిచేసిన శాఖల్లో ఏ కొత్త పథకం వచ్చినా, అది చెల్లే చోటుకి వెళ్లి చూసి వచ్చాకే అమ్మాను. సభల్లో తక్కువ మాట్లాడాను. అధికారి చెప్పిన మాటను జనం పాటించరన్న ధైర్యంతోనే మనం చాలా మాటలు అంటాం. పాటించేవాళ్లున్న చోట ఆ మాటకు ధర ఉంటుంది. మాట తప్పయినప్పుడు ఆ ధర చెల్లించడాన్ని దయ అనకూడదు.